కచ్చేరి దారి

తాడిమర్రి చిత్రావతీ నది ప్రాంతమున నున్న ఊరు. భూపటము ముందు పెట్టుకొని, ఆ ఊరినుండి అనంతపురమునకు ఒక గీతయు, పుట్టపర్తికి ఒక గీతయు గీసి కొలిచినచో మొదటిది సుమారు 30 కిలోమీటర్లు, రెండవది సుమారు 45 కిలోమీటర్లు వచ్చును. 2022 ఏప్రిల్ 3వ తేదీ వరకు తాడిమర్రి రైతునకు కలెక్టరుగారితో పనిపడినచో అనంతపురము పోయెడివాడు. మరునాటినుండి పుట్టపర్తికి పోవలసినవాడయ్యెను. పరిపాలనను ప్రజల ముంగిటికి చేర్చుటకని కొత్త జిల్లాలు ఏర్పరచిరి; హిందూపురము వానికి, కదిరి వానికి నిజముగానే దూరము తగ్గినది. తాడిమర్రి వానికి మాత్రము కచ్చేరి వెనుకకు జరిగినది.

ఈ చిన్న లెక్కను నేను ఎవరిమీదను ఫిర్యాదుగా చెప్పుట లేదు. ఎక్కడ గీత గీసినను గీతకు చివరన ఎవరో ఒకరు మిగులుదురు. కాని మన పట్టణముల నడిబొడ్డున ప్రొద్దున పదిగంటల వేళ కనబడు రద్దీనిగురించి మాటలాడువారు వాహనముల సంఖ్యనే లెక్కింతురు. ఆ వాహనములలో కూర్చున్నవారు ఎక్కడినుండి బయలుదేరిరి, ఏ కాగితమునకై వచ్చిరి, ఎన్నవమారు వచ్చిరి అని అడుగువారు తక్కువ. కచ్చేరి ఎక్కడ కూర్చున్నదో అక్కడికి దారి పుట్టును. దారి పుట్టినచోట పూటకూళ్ళ ఇల్లు, అర్జీలు వ్రాయువాని చాప, బస్సులు నిలుచు చోటు ఒకదాని వెనుక ఒకటి వచ్చును. పెనుకొండ, ధర్మవరము, హిందూపురముల సీమలో ఈ కథ నాలుగు శతాబ్దములకు పైగా జరుగుచున్నది.

కచ్చేరి అను మాట మనకు హిందుస్తానీనుండి వచ్చినది. సంగీతసభకును ఆ పేరే పెట్టుకొంటిమి. ఆ రెండవ కచ్చేరికి పోవుటకు బస్సు ఎక్కనక్కర లేకుండ చేసినది రేడియో. మొదటి కచ్చేరిని ఇంటికి తెచ్చు యంత్రము మాత్రము ఇంకను పూర్తిగా సిద్ధము కాలేదు.

మొదట పెనుకొండ. 1565లో రాక్షసితంగడి యుద్ధమున విజయనగరము కూలిన తరువాత తిరుమలరాయలు రాజ్యపు సరంజామానంతయు పెనుకొండకు తరలించెను. అంతకుముందును ఆ కొండకోట విజయనగర ప్రభువులకు ముఖ్యస్థానమే. ఇప్పుడది రాజధాని యయ్యెను. రాజధాని యనగా కోటయు, గగనమహలును మాత్రమే కాదు. లెక్కలు వ్రాయువారు, కానుకలు తెచ్చువారు, తగవులు చెప్పుకొనువారు, వారి గుఱ్ఱములకు గడ్డి అమ్మువారు, అందరును కలిసి రాజధాని. ఆ శతాబ్దము ముగియకమునుపే రాజస్థానము చంద్రగిరికి పోయెను. ఆ జనమును దానివెంట నడచెను. కోటగోడలు మాత్రము పెనుకొండలోనే నిలిచినవి. కచ్చేరి పోయిన ఊరి సంగతి తెలిసికొనగోరువారు పెనుకొండ వీథులలో ఒక పూట నడచిన చాలును. అయినను ఆ ఊరు పూర్తిగా మాసిపోలేదు. ఆంగ్లేయుల కాలమున రెవెన్యూ డివిజను కచ్చేరి అక్కడ కూర్చుండుటచే మరల దారులు కొన్ని దానివైపు తిరిగినవి.

1800లో నిజాము ఈ సీమను తూర్పు ఇండియా కంపెనీకి ఒప్పగించెను. అందుకే దీనిని చాలకాలము దత్తమండలములనిరి. రాయలసీమ యను గౌరవమైన పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారి సూచనవలన వచ్చినది. ఆ దత్తమండలములకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1800నుండి 1807 వరకు ఆయన ఇక్కడ పనిచేసెను. అనంతపురము ఆయనకు కేంద్రము; కాని ఆయన కచ్చేరి ఎక్కువకాలము గుడారములలోనే నడిచినది. ఊరిబయట తోపులో డేరా వేయించి, చుట్టుపట్ల గ్రామముల కరణములను, రెడ్లను, రైతులను అక్కడికే రప్పించి, వారి మాట వినుచు, అక్కడినుండి మరియొక తోపునకు పోయెడివాడు. ఈ సీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరుపెట్టుకొనిరనుట అందరెరిగినదే. ఆయన కంపెనీ కొలువువాడే, శిస్తు రాబట్టుటకే వచ్చినవాడే. పాలెగాండ్రను అణచినవాడు కూడ ఆయనయే. అయినను ఆ పేరు నిలిచినది. రైతు కచ్చేరికి పోవుట కాక, కచ్చేరి రైతు ఊరి పొలిమేరకు వచ్చుట అతని అనుభవమున క్రొత్త. నా మటుకు నేను ఆ పేరునకు ఇదియు ఒక కారణమని తలచుచున్నాను.

అయితే అదే మన్రో చేసిన మరియొక పని కాలక్రమమున రైతును దారిపట్టించినది. అది రైతువారీ పద్ధతి. జమీందారీ సీమలో రైతు శిస్తు జమీందారు దివాణములో కట్టును. సర్కారుతో లెక్క జమీందారుది. రైతువారీలో మధ్య మనిషి లేడు. ప్రతి రైతునకు పట్టా, ప్రతి పట్టాకు నంబరు, ప్రతి నంబరునకు తీరువ. ఎకరము భూమి ఉన్నవాడును సర్కారునకు నేరుగా బాకీదారు. ఇది రైతునకు గౌరవమే, సందేహము లేదు. కాని ఆ గౌరవమునకు వెల కాలినడక. భూమి చేతులు మారినప్పుడు, పంట పోయి వజా కావలసినప్పుడు, బంజరు దున్నుకొనదలచినప్పుడు, సరిహద్దు తగవు వచ్చినప్పుడు ప్రతివాడును కచ్చేరి మెట్టు ఎక్కవలసినవాడే. ఒక జమీందారునకు బదులు వేలకొలది రైతులు సర్కారువారి ఎదుట నిలుచు ఏర్పాటు అది. నేటి పట్టణపు రద్దీకి మూలమును వెదకువారు మోటారు బండి పుట్టిన నాటితో ఆగిపోరాదు. ఈ పట్టాల వరకు వెనుకకు పోవలెను.

1808లో దత్తమండలములను బళ్ళారి, కడప జిల్లాలుగా విభజించిరి. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము బళ్ళారి జిల్లాలో పడినవి. ఇక్కడ కొంచెము నిలిచి లెక్క చూడవలెను. ఎద్దులబండి దినమునకు ఇరువది, ఇరువదియైదు కిలోమీటర్లు నడచును. ఎండకాలమున అంతకు తక్కువ. తాడిమర్రినుండి ధర్మవరమునకు ఒక దినము. బళ్ళారికి అయిదారు దినములు. రానుపోను పదిదినములకు తక్కువ కాదు. త్రోవలో సత్రము దొరికిన సత్రము, లేకున్న చెట్టుక్రింద వంట. మూటలో రాగిపిండి, ఎండుమిరపకాయలు, ఉప్పు. ఇంత దూరము పోయి కలెక్టరు దొర క్యాంపులో ఉన్నాడని తెలిసినచో మరల వెనుకకు. జిల్లా కచ్చేరికి సామాన్యుడు పోలేదనుటయే నిజమునకు దగ్గర. పోగలిగినవాడు పోయెను, పోలేనివాడు తన హక్కును వదలుకొనెను, లేదా పోగలిగినవాని కాళ్ళు పట్టుకొనెను. ఊరి కరణమునకు అంతటి ప్రాబల్యము కలుగుటకు అతని లెక్కల నేర్పుతోపాటు ఈ దూరమును కారణమే.

సంవత్సరమునకొకమారు జమాబంది వచ్చెడిది. ఫసలీ లెక్కలను తేల్చు పండుగ వంటిదది; కాని పండుగ ఎవరికో చెప్పుట కష్టము. కరణములు గుడ్డలో చుట్టిన లెక్కల కట్టలు తలారుల నెత్తిన పెట్టించి తాలూకా కేంద్రమునకు కదలెడివారు. ఆ పదిదినములు తాలూకా ఊరిలో అరుగులు దొరకవు. కచ్చేరి ఆవరణ వెలుపల బండ్లు విప్పి, ఎద్దులను చింతచెట్లకు కట్టి, పిలుపు వచ్చువరకు కాచుకొనియుందురు. పట్టణపు నడిబొడ్డున బండ్ల రద్దీ అను మాట మన సీమలో మొట్టమొదట పుట్టినది ఈ జమాబంది దినములందేనని చెప్పవచ్చును. తేడా యొక్కటే. ఆనాడు అది ఏటికొకమారు వచ్చి పోయెడిది.

1882లో బళ్ళారినుండి విడదీసి అనంతపురము జిల్లాను ఏర్పరచిరి. 1876 నుండి 1878 వరకు సాగిన ఘోరమైన క్షామము ఈ సీమను కుదిపివేసిన కొలది ఏండ్లకే ఇది జరిగినది. తాడిమర్రి వారికి ఆరు దినముల దారి రెండు దినముల దారి యయ్యెను. తరువాతి దశాబ్దపు తొలి ఏండ్లలో మీటరుగేజి రైలు వచ్చెను. గుంతకల్లునుండి అనంతపురము, ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగుళూరునకు ఒక దారి, ధర్మవరమునుండి కదిరి మీదుగా పాకాలకు మరియొకటి. ధర్మవరము జంక్షను అయినది. పట్టుచీర నేయు ఊరునకు రెండువైపులనుండి రైలు వచ్చుట వ్యాపారమునకు ఎంత మేలో చెప్పనక్కర లేదు. కాని మన కథకు ముఖ్యమైనది మరియొకటి: రైలు వచ్చినది మొదలు కచ్చేరికి పోవువాడు గడియారము చూచి బయలుదేరుట నేర్చెను. బండివానికి సూర్యుడు చాలును. రైలు ఎక్కువానికి గంట కావలెను. అందరికిని ఒకే రైలు కనుక అందరును ఒకేమారు దిగుదురు. రద్దీ యనునది జనము ఎక్కువగుటచేత మాత్రమే రాదు, ఒకే గంటకు వచ్చుటచేత వచ్చును.

హిందూపురము సంగతి వేరు. పదునెనిమిదవ శతాబ్దమున గుత్తి మురారిరావు ఆ ఊరు కట్టించి తన తండ్రి హిందూరావు పేరు పెట్టెను. మైసూరు సీమ అంచున ఉన్న ఊరు కనుక అది మొదటినుండియు కచ్చేరికన్న సంతమీద బ్రతికినది. బెల్లము, చింతపండు, ఎండుమిరపకాయలు అక్కడికి వచ్చు బండ్లను పిలిచినవి. ఆ ఊరి రద్దీ సరకు రద్దీ. ధర్మవరపు రద్దీలో అర్జీలపాలు ఎక్కువ. నేడు హిందూపురమునుండి తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోయి పనిచేసి రాత్రికి తిరిగివచ్చువారు ఉన్నారు. వారి కచ్చేరి వేరొక రాష్ట్రమున నున్నది.

ఆంగ్లేయుల కాలపు తాలూకా కచ్చేరి కట్టడము చూచినవారికి దాని పోలిక తెలిసియుండును. దళసరి గోడలు, ఎత్తైన కప్పు, ముందు వసారా. అదే ఆవరణలో ఖజానా; ఖజానాకు కాపలా కావలెను కనుక పోలీసులు; పోలీసులున్నారు కనుక సబ్ జైలు. దగ్గరలోనే రిజిస్ట్రారు కచ్చేరి. ఎదుట చెట్టుక్రింద స్టాంపు కాగితములు అమ్మువాడు, దస్తావేజులు వ్రాయువాడు. అన్నియు ఒకేచోట ఉండుట ఆనాటి రైతునకు ఉపకారము. ఒక దినము నడచి వచ్చినవాడు శిస్తు కట్టి, దస్తావేజు వ్రాయించి, రిజిస్ట్రీ చేయించి, ఉప్పు పప్పు కొనుక్కొని మరునాడు బయలుదేరవచ్చును. ఊరు ఆ ఆవరణ చుట్టూ పెరిగెను. వీథులు రెండు బండ్లు ఎదురెదురుగా తప్పుకొనునంత వెడల్పు మాత్రమే. ఆ కొలత అప్పటికి చాలినది.

తరువాత మోటారు బస్సు వచ్చెను. యుద్ధకాలమున పెట్రోలు కరవై, వెనుక బొగ్గు కుంపటి తగిలించుకొని పొగ చిమ్ముచు నడిచిన బస్సుల సంగతి పెద్దలు చెప్పగా విన్నవారు ఇంకను ఉందురు. బస్సు పల్లెకు వచ్చుటచే బండి దినము గంటలోనికి కుంచించుకుపోయినది. ఒక దినము నడిచి, ఒక రాత్రి ఉండి, మరునాడు మరలివచ్చు ప్రయాణము ప్రొద్దుననే పోయి సాయంత్రమునకు వచ్చునదిగా మారినది. ఇదియొక గొప్ప మార్పు. కాని దీనివెంట ఒక చిక్కు వచ్చినది. రైతు మూడుదినములు చేతబట్టుకొని వచ్చినప్పుడు గుమాస్తా రేపు రమ్మనుటకు కొంచెము జంకెడివాడు. రైతు గంటలో రాగలడని తెలిసిన తరువాత ఆ జంకు పోయినది. "రేపు రా" అను మాటకు బస్సు రెక్కలు తొడిగినది. దూరము తగ్గినకొలది తిరుగుళ్ళు పెరిగినవి. కలిపి చూచినచో చెప్పులరుగుట మాత్రము తగ్గలేదు.

పెద్ద కచ్చేరి సైతము నిలకడగా ఉండలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడి కర్నూలు రాజధాని యయ్యెను. కట్టడములు చాలక అక్కడ ఎన్నో కచ్చేరులు గుడారములలో నడిచినవి. మన్రో డేరాలు నూటయేబది ఏండ్లకు మరల లేచినట్లయినది. మూడేండ్లకే, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదునకు పోయెను. 2014 తరువాత అమరావతి పేరు వచ్చెను. తాడిమర్రి వానికి ఈ మార్పులు వార్తలు మాత్రమే. అతని జీవితమును నిజముగా మార్చినది 1985.

ఆ సంవత్సరము ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము తాలూకాలను, ఫిర్కాలను తీసివేసి రాష్ట్రమంతటను 1,104 మండలములను ఏర్పరచెను. అనంతపురము జిల్లాకు 63 వచ్చినవి. తాడిమర్రి మండల కేంద్రమయ్యెను. అంతకుముందు ధర్మవరము పోవలసిన పనులలో చాలభాగము ఊరిలోనే తీరు వీలు కలిగినది. అదే కాలమున, 1984లో, వంశపారంపర్యపు కరణము, మునసబు పదవులు రద్దయినవి. కరణము పోయి మండలము వచ్చుట, ఈ రెండును కలిసి పల్లెకు కచ్చేరికి నడుమనున్న దారిని మార్చివేసినవి. ఊరిలోని ఒక ఇంటి అరుగుపైనున్న లెక్కలు ఇప్పుడు సర్కారు కట్టడములోనికి పోయినవి. మండల కచ్చేరి రాగానే దానివెంట ఆ చిన్న ఊరికి కూడ ఒక నడిబొడ్డు పుట్టినది. టీ అంగడి, జిరాక్సు అంగడి, ఆటోలు నిలుచు మలుపు. ఏ మండల కేంద్రము చూచినను ఇదే రూపము.

అయితే ధర్మవరపు రద్దీ తగ్గినదా? తగ్గలేదు. తాలూకా పోయినను డివిజను ఉన్నది, కోర్టు ఉన్నది, రిజిస్ట్రారు ఉన్నాడు, ఆసుపత్రి, కళాశాల, రైలు, పట్టుచీరల అంగళ్ళు ఉన్నవి. 2011 జనాభా లెక్కలలో ఆ పట్టణమున లక్షా ఇరువది వేలమందికి పైగా ఉండిరి. బండ్లకు చాలిన వీథులలో ఆటోలు, బస్సులు, లారీలు, రెండు చక్రముల బండ్లు ఒకేమారు దూరుచున్నవి. ఇందులో కచ్చేరుల పాలు ఎంత యని వేరుచేసి చెప్పుట కష్టమే కాని, దాని జాడ గడియారములో కనబడును. పల్లెల బస్సులన్నియు కచ్చేరి తెరచు వేళకు చేరునట్లు బయలుదేరును. మూయు వేళకు తిరుగును. నడుమ మధ్యాహ్నము వీథి కొంచెము ఊపిరి పీల్చుకొనును. సంత దినమున రద్దీకి వేరొక ఆకారము, ముహూర్తముల నెలలో చీరల అంగళ్ళ రద్దీకి ఇంకొక ఆకారము. పదిగంటల రద్దీ మాత్రము కచ్చేరిది.

దీనికి ఉపాయముగా రోమునగర కథ చెప్పుదురు. క్రీస్తునకు పూర్వము 45 ప్రాంతమున జూలియస్ సీజరు పగటివేళ చాలభాగము నగరములోనికి సరకు బండ్లు రారాదని శాసించెను. పగటి రద్దీ తగ్గినది. రాత్రులందు బండ్ల చప్పుడునకు నిద్రలేదని తరువాతి కాలపు కవి జువెనాల్ గోలపెట్టెను. మన కాలమున, 2003లో, లండను నగరపు నడిభాగమునకు మోటారు తెచ్చువారినుండి రుసుము తీసికొన నారంభించిరి. ఇవి ఆ ఊళ్ళకు తగిన మందులు. ధర్మవరపు నడిబొడ్డునకు పదిగంటలకు వచ్చువాడు కారున్నవాడు కాడు. చేతిసంచిలో పట్టాదారు పుస్తకము, ఆధారు నకలు పెట్టుకొని షేరు ఆటోలో అంచున కూర్చుండి వచ్చువాడు. అతనినుండి రుసుము ఏమని తీసికొందురు? ఆ మాటకు వచ్చినచో అతడు చెల్లించుచునే యున్నాడు. మగ్గము దిగిన దినము నేతవానికి కూలి లేదు.

రైతు లెక్క ఇంకను కఠినము. ఈ సీమ వానలు తక్కువ సీమ. జూనులోనో జులైలోనో ఒక పదును వాన కురియును. ఆ తడి ఆరకముందే వేరుసెనగ విత్తు పడవలెను. అదను అనగా మూడు నాలుగు దినములు. ఆ దినములలోనే విత్తనకాయ కావలెను, పంట అప్పు కావలెను, పాత అప్పు తిరగవ్రాయవలెను. సర్కారు సబ్సిడీ విత్తనకాయకై మండల కేంద్రములలో, మార్కెట్ యార్డులలో రైతులు వరుసలలో నిలిచి, చెప్పులు వరుసలో పెట్టి నీడకు పోయి కూర్చుండుట అనంతపురము జిల్లాలో ఎన్నో ఏండ్లు ప్రతి వేసవి చివరను చూచిన దృశ్యము. ఆ వరుసలో గడచిన దినము పొలములో పోయిన దినమే. 2020 మే 30న రైతు భరోసా కేంద్రములు తెరచి విత్తనకాయను ఊరిలోనే ఇచ్చుట మొదలుపెట్టినప్పుడు, పేరు తరువాత మారినను, ఆ వరుస చాలవరకు విడిపోయినది. అంతకుముందు సంవత్సరము అక్టోబరు 2న గ్రామ సచివాలయములు వచ్చినవి. 2011నుండి మీసేవ ఉండనే ఉన్నది. ఆదాయ, కుల ధ్రువపత్రములకై తాలూకా ఊరు చేరి చెట్టుక్రింద కూర్చుండు అవసరము ఇప్పుడు లేదు. పట్టణపు రద్దీ తగ్గించుటకు వీథి వెడల్పు చేయుట ఒక మార్గము. మనిషి బయలుదేరు అవసరమునే తీసివేయుట మరియొకటి. రెండవ దానికి శంకుస్థాపన ఫలకములు తక్కువ కనుక దానిని ఎవరును అంతగా మెచ్చుకొనరు.

ఇక 2022. పార్లమెంటు నియోజకవర్గములను ఆధారము చేసికొని రాష్ట్రములో జిల్లాల సంఖ్యను 13నుండి 26కు పెంచిరి. హిందూపురము నియోజకవర్గములో అనంతపురము చెంతనున్న మండలములు కొన్ని పోగా, 32 మండలములతో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడెను. కేంద్రము పుట్టపర్తి. హిందూపురమువారు తమ ఊరే కేంద్రము కావలెనని బందులు, దీక్షలు చేసిరి. అక్కడి శాసనసభ్యులును సినీనటులునైన నందమూరి బాలకృష్ణగారు 2022 ఫిబ్రవరిలో మౌనదీక్ష చేసిరి. ముసాయిదా ప్రకటనలో ధర్మవరము రెవెన్యూ డివిజను పేరు లేకుండుటచే అక్కడను అలజడి రేగినది. తుది ప్రకటనలో ఆ డివిజను నిలిచినది.

ఈ తగవులో ఇరువైపులను న్యాయము కలదు. 2011 లెక్కల ప్రకారము హిందూపురపు జనాభా లక్షన్నర. పుట్టపర్తి జనాభా పదునైదు వేలు. పెద్ద ఊరును విడిచి చిన్న ఊరున కచ్చేరి పెట్టుట వింతగా తోచును. కాని పటములో హిందూపురము జిల్లాకు దక్షిణపు కొనన ఉన్నది. అక్కడ పెట్టినచో తాడిమర్రి వాడు నేరుగా గీసిన గీతలోనే 90 కిలోమీటర్లు పోవలెను. పుట్టపర్తి నడిమికి దగ్గర. అక్కడ విమానాశ్రయము, రైలుస్టేషను, పెద్ద ఆసుపత్రి, విశాలమైన వీథులు సత్యసాయిబాబాగారి ఆశ్రమము మూలమున ముందే ఏర్పడియున్నవి. వందేండ్లక్రిందట అది చిన్న పల్లె. భక్తులకై పుట్టిన దారులమీద ఇప్పుడు అర్జీదారులు నడుచుచున్నారు. కచ్చేరి దారిని పుట్టించును అని పైన అంటిని. పుట్టపర్తిలో దారులే కచ్చేరిని పిలిచినవి. అయినను పడమటి కొనన ఉన్న అమరాపురమువంటి ఊళ్ళకు పుట్టపర్తి కూడ వంద కిలోమీటర్లకు పైబడిన దూరమే.

ఇంకొక విశేషము చెప్పవలెను. పెనుకొండ మండలములోని ఎర్రమంచి వద్ద కియా మోటారు కార్ల కర్మాగారమును 2019లో ప్రారంభించిరి. అక్కడికి పనివాండ్రను చేరవేయు బస్సులు తెల్లవారుజామునను, మధ్యాహ్నమును, రాత్రియును తిరుగుచుండును. షిఫ్టుల పని కనుక అందరును ఒకే గంటకు కదలరు. కర్మాగారము ఊరి నడుమ లేదు కనుక ఏ ఊరి నడిబొడ్డునకును ఆ బరువు పడదు. కచ్చేరులును తమ పనివేళలను ఈ రీతిగా సర్దుకొనరాదా యని అడుగబుద్ధి పుట్టును. రిజిస్ట్రీ ఒక వేళ, అర్జీలు ఒక వేళ, కోర్టు ఒక వేళ. ఈ మాట చెప్పుట తేలిక. సోమవారమునాడు కలెక్టరు కచ్చేరిలో అర్జీలు తీసికొను ఏర్పాటు మాత్రము జిల్లా నలుమూలల జనమును ఒకే దినము, ఒకే పూట, ఒకే గుమ్మము ముందుకు రప్పించుచున్నది. జమాబంది దినములు ఏటికొకమారు వచ్చెడివి. సోమవారము వారమునకొకమారు వచ్చును.

కచ్చేరులను ఊరి బయటికి తరలింపుడను వాదము కలదు. బయట స్థలము విశాలము, బండ్లు నిలుపుటకు చోటు, వీథికి విశ్రాంతి. నాకు ఈ వాదమున సగమే నచ్చును. బస్సు దిగినచోటనే కచ్చేరి ఉన్నప్పుడు ముసలివాడు నడచి పోగలడు. మూడు కిలోమీటర్ల అవతలికి పోయినచో రానుపోను ఆటోకు చెల్లించవలెను. ఊరు పొందు లాభమును అర్జీదారు జేబునుండి తీయుట అది. తరలించిన చోటికి బస్సును కూడ తరలించినచో నాకు ఆక్షేపణ లేదు.

2025 ఆగస్టు 15నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మున్నగు ఆర్టీసీ బస్సులలో చార్జీ లేదు. వితంతు పింఛను కాగితములో పేరు తప్పుపడిన తాడిమర్రి స్త్రీ ఇప్పుడు కొడుకునో అల్లుడినో డబ్బు అడుగక బస్సు ఎక్కగలదు. బస్సు బత్తలపల్లి చేరును. అక్కడ దారులు చీలును. పడమటికి పోవు బస్సు అనంతపురము పోవును. అక్కడ ఆమెకు తెలిసిన ఆసుపత్రి, తెలిసిన అంగడి, బహుశః పెండ్లియైన కూతురు ఉందురు. అంతయు కలిపి 45 కిలోమీటర్లు. కాని కలెక్టరు సంతకము ఆ త్రోవలో లేదు. అందుచేత ఆమె దక్షిణపు బస్సు ఎక్కి ధర్మవరము పోయి, పదిగంటల రద్దీలో బస్సు మారి, కొత్తచెరువు మీదుగా పుట్టపర్తి చేరవలెను. అరవై కిలోమీటర్లకు తక్కువ కాదు. సోమవారమైనచో ధర్మవరములో ఆ బస్సున నిలుచుటకు చోటు దొరకుట కష్టము.